హాజీ స్తమాత్ సంతకం

లోకంలో ఏదీ ఆకస్మికంగా జరగదు. ఈ సత్యం కోసం పూర్వం తత్వవేత్తలు జుట్టు నెరిసేదాకా ఆలోచించారు గానీ, చివరికి కనుక్కున్నది మాత్రం 'తిహా స్త్రేహా' బీమా సంస్థ. (ప్రశాంతమైన చూరు అని ఆ పేరుకు అర్థం. సంస్థ వరకూ అది నిజమే. వాళ్ళ చూరు ఒక్కసారి తప్ప ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంది.) పిడుగు పడిందంటే అంతకుముందు మబ్బు పట్టింది. వరద వచ్చిందంటే అంతకుముందే అక్కడ నది ఉంది. మనిషి పోయాడంటే అంతకుముందు పుట్టాడు. ఇంత స్పష్టంగా ముందే తెలిసిన వాటికి పరిహారం ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు చెప్పినవాళ్ళు లేరు. చెబుదామని వెళ్ళినవాళ్ళు ఇంకా వరుసలోనే ఉన్నారు.

ఆ వరుసలో కొత్తగా చేరినావిడ త్సోంకా బచ్వరోవా. మారిత్స నది మైదానంలో, ద్రాగొసెల్ అనే ఊళ్ళో, పోస్టాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఆమె ఉద్యోగం వదిలింది గానీ ఉద్యోగం ఆమెను వదల్లేదు. ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే ఆమెకు నిద్రపట్టదు. ఖాళీ గడి అంటే గడియ వేయని తలుపనీ, ఎవడైనా దూరి ఏదైనా రాసుకుపోతాడనీ ఆమె నమ్మకం. సబ్బు కొంటే ఇచ్చిన లాటరీ కూపన్లో 'వృత్తి' అన్నచోట కూడా వివరంగా రాసి, చోటు చాలక కాగితం వెనక్కి తిప్పిన మనిషి.

నాలుగేళ్ళ కిందట బీమా ఏజెంటు ఇంటికొచ్చి, రెండు చిన్న గ్లాసుల రాకియా సారా పుచ్చుకుని, బల్లమీద ఫారం పరిచాడు. 'ఇంటి సభ్యులు' అన్నచోట నాలుగు వరుసలున్నాయి. మొదటి వరుసలో త్సోంకా తన పేరు రాసింది. రెండో వరుసలో మొగుడి పేరు, మింకో, మాజీ ట్రాక్టరు డ్రైవరు అని రాసింది. ఇంకా రెండు వరుసలు ఆమెకేసి గుడ్లప్పగించి చూస్తున్నాయి.

"గీత కొట్టెయ్యండి, చాలు," అన్నాడు ఏజెంటు.

"గీత కొడితే లేరని కదయ్యా అర్థం? ఉన్నారుగా," అంది త్సోంకా, పెన్నుతో పైకప్పు వైపు చూపిస్తూ.

పైన ఉన్నది హాజీ స్తమాత్, ఆయన భార్య మరింకా. తెల్ల కొంగలు. అప్పటికి పదిహేనేళ్ళుగా వంటింటి పొగగొట్టం మీద కాపురం. యెరూషలేం యాత్ర చేసొచ్చినవాళ్ళను అక్కడ హాజీ అంటారు. ఏటా అటుగానే దక్షిణానికి పోయి వస్తుంది కనుక ఆ ఊళ్ళో కొంగను కూడా హాజీ అనడం తాతలనాటి మర్యాద. త్సోంకా శుభ్రంగా రాసింది. సంబంధం: మావాళ్ళే. వృత్తి: ప్రయాణాలు. ఇంట్లో ఉండే కాలం: మార్చి చివర నుంచి ఆగస్టు చివర దాకా.

ఏజెంటు చదవలేదు. (చదవడం వేరే శాఖ.) కంప్యూటరు చదివింది. నలుగురున్న ఇల్లు కాబట్టి 'పెద్ద కుటుంబ రాయితీ' కింద ఏటా పదకొండు లెవాలు తగ్గించింది. "చూశావా, ఇన్నాళ్ళకి ఆ పొడుగుకాళ్ళాయన అద్దె కడుతున్నాడు," అని మింకో తెగ సంబరపడ్డాడు.

కిందటి ఆగస్టు ఇరవై తొమ్మిదిన ఆ గూడు కూలింది. కొంగలు వెళ్ళిపోయి నాలుగు రోజులైంది. గాలి లేదు, వాన లేదు. మొగుడూ పెళ్ళాలు పెరట్లో కాల్చిన ఎర్ర బుంగమిరపకాయలు వలుస్తూ, తొక్క ఎవరు మందంగా తీస్తున్నారన్న విషయం మీద వాదించుకుంటున్నారు. ఆ వాదన వాళ్ళ ప్రాణం కాపాడింది, లేకపోతే ఇద్దరూ వంటింట్లో ఉండేవాళ్ళు. అరటన్ను బరువున్న గూడు పొగగొట్టాన్నీ పెంకుల్నీ దూలాన్నీ వెంటబెట్టుకుని దిగి, చలికాలానికని చేసిపెట్టిన ఎనభై ఆరు సీసాల మిరప పచ్చడి మీద కూర్చుంది. గూట్లోంచి బయటపడ్డవి: ఒక పిల్లాడి చెప్పు, సగం ఎన్నికల పోస్టరు, పన్నెండేళ్ళ కిందట పోయిన మింకో టోపీ.

"నేను చెప్పలా, నా టోపీ ఎవరో దొబ్బేశారని?" అన్నాడు మింకో, దుమ్ములో నిలబడి.

"ఇల్లు కూలిపోయి నేనేడుస్తుంటే నీకు టోపీ దొరికిందా!" అంది త్సోంకా. నిజంగానే ఏడ్చింది. ఆ ఇంట్లో పొయ్యి ఉన్న గది అదొక్కటే. చలికాలం నాలుగు నెలలూ వాళ్ళ తిండీ నిద్రా అక్కడే. మంచు పడేలోగా కప్పు వేయించకపోతే ఇద్దరు ముసలివాళ్ళు వణుకుతూ కూర్చోవాలి. అంతకన్నా, మార్చిలో ఆ రెండు ప్రాణాలు అంత దూరం ఎగిరొచ్చి ఎక్కడ దిగుతాయి?

సంస్థకు ఫోను చేసింది. ఒక తీయని గొంతు పలికింది. అగ్ని అయితే ఒకటి నొక్కమంది, నీరైతే రెండు నొక్కమంది, మరే ఇతర విషాదమైనా బీప్ తర్వాత క్లుప్తంగా చెప్పమంది. త్సోంకా క్లుప్తంగానే చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత కనిష్ఠ ఉన్నత ఆకస్మికతా నిర్ధారణాధికారి ప్లమెన్ ద్యుల్గెరొవ్ వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నున్నగా గీసుకున్న గడ్డం, చేతిలో టేపు. వంటింట్లో నిలబడి పైకి చూశాడు. ఆకాశం కనిపించింది. ఆకాశం కొలత రాసుకున్నాడు.

"ఇది ఆకస్మికం కాదు గోస్పోజా బచ్వరోవా," అన్నాడు. (గోస్పోజా అంటే శ్రీమతి గారు.) "గూడు ఏడాదికి ఇరవై ఆరు కిలోల చొప్పున పందొమ్మిదేళ్ళు పెరిగింది. అంటే ప్రమాదం మీకు పందొమ్మిదేళ్ళ ముందే నోటీసు ఇచ్చింది."

"పెరగడం నెమ్మదిగానే పెరిగింది బాబూ. పడ్డం ఒక్కసారే పడింది," అంది త్సోంకా.

ద్యుల్గెరొవ్ న్యాయమైన మనిషి. ఆలోచించాడు. మింకోని సాక్షిగా అడిగాడు. 'ధన్' మనడానికీ, తమరు 'అయ్యో' అనడానికీ మధ్య ఎంతసేపు పట్టిందన్నాడు.

"అయ్యో అన్లేదు, ఇంకోటన్నాను. అది మీరు రాసుకోలేరు," అన్నాడు మింకో.

ఒకటిన్నర సెకను అని తేలింది. సంస్థ నియమాల ప్రకారం రెండు సెకన్ల లోపు జరిగితే ఆకస్మికమే. త్సోంకాకు ప్రాణం లేచొచ్చింది, కాఫీ పెట్టబోయింది. ద్యుల్గెరొవ్ ఈలోగా ఫైలు తిరగేసి, నాలుగేళ్ళ నాటి ఫారం దగ్గర ఆగిపోయాడు.

"ఈ గూడు కట్టింది ఎవరు?"

"హాజీ స్తమాత్."

"ఇంటి సభ్యుడు. మూడో వరుస." ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "పద్నాలుగో నియమం. ఇంటి సభ్యుడు సొంత ఇంటికి చేసిన నష్టానికి పరిహారం లేదు. ఉద్దేశపూర్వకంగా చేయలేదని ఆయన స్వయంగా సంతకం చేస్తే మాత్రం పరిశీలిస్తాం. ముప్ఫై రోజుల్లో."

"అయ్యా, ఆయన కొంగ."

"ఫారంలో జాతి అనే గడి లేదు గోస్పోజా. వివక్షకు మా సంస్థ వ్యతిరేకం."

"పోనీ రమ్మని మీరే చెప్పండి," అన్నాడు మింకో. "ఈపాటికి సూడాన్ దాటుంటాడు. వెళ్ళి టీ తాగి సంతకం పెట్టించుకు రండి. వస్తూ నాకో ఒంటెను తీసుకురండి."

ద్యుల్గెరొవ్ ఒంటె సంగతి రాసుకోలేదు గానీ, నోటీసు మాత్రం పంపాడు. రిజిస్టర్డు పోస్టులో, హాజీ స్తమాత్ గారికి, ఇంటి నంబరు ఇరవై రెండు, పొగగొట్టం. పోస్టాఫీసులో త్సోంకా తర్వాత కుర్చీ ఎక్కిన అమ్మాయి దాన్ని నియమం ప్రకారం ఏడు రోజులు ఉంచి, 'చిరునామా సరైనదే, వ్యక్తి వలస వెళ్ళారు' అని రాసి తిప్పి పంపింది. ఆ రాత చూసి త్సోంకాకు కోపం రాలేదు. తాను ఉన్నా అలాగే రాసేది.

అక్టోబరు వానలు మొదలయ్యాయి. కప్పు మీద నైలాన్ పట్టా కట్టారు, పొయ్యి మీద బకెట్ పెట్టారు. త్సోంకా బస్సెక్కి పట్నం వెళ్ళింది, హాజీ స్తమాత్ పేరును ఇంటి సభ్యుల జాబితాలోంచి తీసేయమని అడిగింది. తీసేయడానికి రెండే మార్గాలని గాజు కిటికీ వెనకున్నావిడ చెప్పింది. సభ్యుడు ఇల్లు మారితే స్వయంగా వచ్చి దరఖాస్తు ఇచ్చుకోవాలి. చనిపోతే మాత్రం ఆయన రానక్కర్లేదు. (ఈ రెండో సౌకర్యం ఆ ఏడాదే ప్రవేశపెట్టారు.)

ఇంటికొచ్చి చెబితే మింకో బల్ల గుద్దాడు. "ఇంకేం! చంపేద్దాం."

"నోర్ముయ్! నీ నోట్లో మన్ను పడ. ఆయన దారిలో ఉంటే అట్లాంటి మాటలేంటి?"

"కాగితం మీద చంపుదామంటున్నానే. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి నెక్రోలోగులు రాసిచ్చింది నువ్వు కాదూ? ఇంకోటి రాయి."

నెక్రోలోగు అంటే నల్ల అంచు కాగితం మీద ఫోటో, పేరు, వయసు, ఓ దుఃఖవాక్యం. ఎవరు పోయినా వాళ్ళ గేటుకూ కరెంటు స్తంభాలకూ అంటిస్తారు. ఊళ్ళో అది అంటిస్తే మనిషి పోయినట్టే. అంటించకపోతే ఇంకా కొంత అనుమానం ఉన్నట్టే. త్సోంకా మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు పట్టా చిరిగి నీళ్ళు సరాసరి పొయ్యిలో పడి, ఆ పొగలో మింకో దగ్గి దగ్గి నీలంగా మారాడు. ఆ సాయంత్రం ఆమె కూర్చుని రాసింది. 'హాజీ స్తమాత్, 19 ఏళ్ళు. మంచి పొరుగువాడు, అలుపెరగని యాత్రికుడు. దూరప్రయాణంలో.' దూరప్రయాణంలో ఏమైందో రాయలేదు. జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని ఖాళీగా వదిలింది.

గేటుకు అంటించిన గంటలో పక్కింటి బాబా కెరా, పోయినవాళ్ళ పేర పంచే ఉడికించిన గోధుమల గిన్నె పట్టుకుని కళ్ళొత్తుకుంటూ వచ్చింది. ఊళ్ళో అందరికీ ఆవిడ బామ్మే.

"ఎంత మంచివాడే తల్లీ! పోయినవాళ్ళ మీద చెప్పకూడదు గానీ, మా కోడిపిల్లలు మూడు వాడి కడుపులోకే పోయాయి. అయినా క్షమించేశాను."

"బాబా, కూర్చో. అసలేమైందంటే..."

"ఏం చెప్పకు. మరింకా ఎట్లా తట్టుకుంటుందో ఏమో," అని ఆవిడ ఇంకాసేపు ఏడ్చి, తను తెచ్చిన గోధుమలు తనే సగం తిని వెళ్ళింది.

నెక్రోలోగు ఫోటో తీసి సంస్థకు పంపారు. జవాబు తొమ్మిది రోజుల్లోనే వచ్చింది. అంత త్వరగా వచ్చిన జవాబు ఊళ్ళో ఎవరూ చూడలేదు. 'మీ తీరని లోటుకు సంస్థ ప్రగాఢంగా విచారిస్తోంది. నష్టంపై వివరణ ఇవ్వవలసిన ఏకైక వ్యక్తి ఇక లేనందున మీ క్లెయిము ఫైలు మూసివేయడమైనది. కుటుంబం నలుగురి నుంచి ముగ్గురికి తగ్గినందున పెద్ద కుటుంబ రాయితీ కూడా రద్దు చేయడమైనది. ధైర్యంగా ఉండండి.'

ఆ చలికాలం ఎలా గడిచిందో వాళ్ళకే తెలియాలి. పొయ్యిని పక్క గదిలోకి లాక్కెళ్ళి, గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి, కోట్లు వేసుకునే పడుకున్నారు. త్సోంకాను చలికన్నా ఎక్కువ పీడించింది గేటు మీది కాగితం. వానకు తడిసి ఊడిపోయినా దాని గుర్తు చెక్క మీద అలాగే ఉండిపోయింది. బతికున్నవాణ్ణి చేజేతులా చంపాను, ఇక వాడు రాడు, అని ఆమెకు గట్టిగా అనిపించింది.

మార్చి ఒకటిన అందరిలాగే ఎర్రదారం, తెల్లదారం పేనిన మర్తెనిత్స మణికట్టుకు కట్టుకుంది. కొంగను చూసేదాకా దాన్ని విప్పకూడదు. చూశాక పూసిన చెట్టుకు కట్టాలి. మార్చి ఇరవై కల్లా ఊళ్ళో సగంమంది విప్పేశారు, పై వీధిలో రెండు జతలు దిగాయి. ఏప్రిల్ వచ్చింది. దారం మాసి, తెలుపేదో ఎరుపేదో తెలియకుండా పోయింది.

"విప్పెయ్యవే, బాగోలా. ఎవరి కొంగైతేనేం, చూశావుగా," అన్నాడు మింకో.

"నాది చూడలేదు," అంది త్సోంకా. గమనిస్తే మింకో చేతికి కూడా దారం అలాగే ఉంది.

ఏప్రిల్ ఆరో తేదీ పొద్దున ఒక కొంగల జంట వాళ్ళ ఇంటిపైన మూడు చుట్లు తిరిగింది. కింద నీలంరంగు పట్టా ఉంది, పొగగొట్టం లేదు. త్సోంకా పెరట్లోకి పరిగెత్తి చేతులూపి అరిచేలోగా పట్నం వైపు వెళ్ళిపోయాయి. అది ఆయనేనా, కాదా అని మొగుడూ పెళ్ళాలు పదిరోజులు పోట్లాడుకున్నారు. పదకొండో రోజు ఫోను మోగింది.

"లేల్యా త్సోంకా, బాగున్నారా?" అంది అవతలి గొంతు. లేల్యా అంటే పిన్ని. ద్యుల్గెరొవ్ ఆమెను పిన్ని అనడం అదే మొదటిసారి. "ఒక్కసారి మా ఆఫీసుకు రాగలరా? బస్సు చార్జీ... అది మీరే పెట్టుకోవాలనుకోండి."

బస్సు మలుపు తిరగ్గానే త్సోంకాకు కనిపించింది. 'తిహా స్త్రేహా' అన్న ఆకుపచ్చ అక్షరాల పైన, కప్పు కొసన బండెడు పుల్లలు. దాని మీద ఒంటికాలిపై నిలబడి హాజీ స్తమాత్. ఎడమ రెక్కలో ఏటా వంకరగానే మొలిచే ఆ ఈక, అదే పొగరు. పక్కన మరింకా.

"బతికే ఉన్నాడు మింకో! వెధవ, బతికే ఉన్నాడు!" అని ఆమె బస్సులో అందరి ముందూ ఏడ్చేసింది. మింకో మరోవైపు తిరిగి కిటికీ అద్దం తుడిచాడు. ఆఫీసు ముందు పూసిన చెర్రీ కొమ్మకు ఇద్దరూ దారాలు కట్టి లోపలికెళ్ళారు.

ద్యుల్గెరొవ్ బల్ల మీద ఫైళ్ళ మధ్య ఒక బకెట్ ఉంది. పైనుంచి అందులోకి చుక్క, చుక్క.

"పాత కప్పు, పెంకులు పగిలాయి," అన్నాడతను. "కొంగ గూడు ముట్టుకోవడం చట్టరీత్యా నేరం. కప్పుకు దన్నుపెట్టి బాగుచేయించాలి. మా భవనానికి మా దగ్గరే బీమా ఉంది." (సంస్థ ఇతర బీమా సంస్థలను నమ్మదు. వాళ్ళు క్లెయిములు ఇవ్వరని వినికిడి.) "చిక్కేమిటంటే, కాగితాల మీద పోయినా ఇది మీ కొంగేనని పట్నమంతా అనుకుంటోంది. రాజధాని సోఫియాలో మా పైవాళ్ళకీ తెలిసింది. మా పాలసీదారు ఇంటి సభ్యుడంటే ఇద్దరు ఖాతాదారుల వివాదం అవుతుంది. దానికి మా నియమాల ప్రకారం మూడేళ్ళు పడుతుంది లేల్యా. మా నియమాలు మీకు తెలుసుగా."

"తెలుసు," అంది త్సోంకా.

"ఎవరికీ చెందని పక్షి అని మీరు సాక్ష్యం రాసిస్తే ప్రకృతి వైపరీత్యం కింద వెళ్ళిపోతుంది. అప్పుడు, మనలో మాట, మీ గూడు కూడా ఎవరికీ చెందని పక్షిదే కదా? మీ ఫైలు నేనే తెరిపిస్తాను."

ఫారం ముందుకు జరిపాడు. అన్నీ నింపి ఉన్నాయి, ఒక్క గడి తప్ప. పక్షితో సాక్షికి గల సంబంధం.

త్సోంకా పెన్ను మూత తీసి ఆ గడి మీద ఆనించింది. పైనుంచి టకటకమని ముక్కు కొట్టుకునే చప్పుడు వినిపిస్తోంది. పందొమ్మిదేళ్ళు ఆ చప్పుడుతోనే నిద్ర లేచింది.

"రాసెయ్యవే," అన్నాడు మింకో మెల్లగా. "వాడికి చదవడం రాదులే."

'లేదు' అని రాసి సంతకం పెట్టింది. బయటికొచ్చాక పైకి చూడలేదు.

రెండు వారాల తర్వాత సంస్థ నుంచి ఒక కవరు వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి అందులో రెండు ఉత్తరాలు పెట్టారు. మొదటిది: 'తమరి విశ్వసనీయమైన సాక్ష్యం ఆధారంగా మా భవనపు నష్టం ఆకస్మిక ప్రకృతి వైపరీత్యంగా నిర్ధారణై, మూడు రోజుల్లో పరిహారం మంజూరైనది. తమరి నిజాయితీకి సంస్థ కృతజ్ఞతలు.' రెండోది: 'హాజీ స్తమాత్ అనే వ్యక్తితో తమకు ఏ సంబంధమూ లేదని తమరే ఒప్పుకున్నందున, నాలుగేళ్ళ కిందట ఆయనను ఇంటి సభ్యుడిగా చూపి రాయితీ పొందడం మోసమని తేలినది. పాలసీ మొదటినుంచీ చెల్లదు.'

రెండు ఉత్తరాల వల్ల కవరు బరువు పెరిగి స్టాంపు చాలలేదు. ఆ తేడా త్సోంకాయే కట్టి విడిపించుకుంది.